చెన్నై నుంచి లారీ ఇంజిన్ పంపేటప్పుడు ఆయిల్ తీసెయ్యాలా?

తీసెయ్యాలి, ఇంజిన్ ఆయిలే కాదు, కూలెంట్, ఫిల్టర్లలో మిగిలిన డీజిల్ కూడా. దారి కుదుపులకు ఇంజిన్ ఒరిగితే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) గొట్టం, బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికెళ్లే దారి), టర్బో (ఇంజిన్‌లోకి గాలి నెట్టే భాగం) పైపుల నుంచి ఆయిల్ కారి పక్కనున్న సరుకు పాడవుతుంది. డీజిల్‌తో మంట భయం కూడా ఉంది.

చెన్నైలో పాత విడిభాగాలు అమ్మే పుదుపేటలో కొన్న ఆరు సిలిండర్ల ఇంజిన్‌ను విజయవాడ ఆటోనగర్‌కు పంపుతున్నారనుకోండి. బరువు అర టన్ను అటూ ఇటూగా ఉంటుంది. ఆయిల్ దించాక డ్రెయిన్ బోల్టు మళ్లీ బిగించి, గాలి, పొగ వెళ్లే దారులకు ప్లాస్టిక్ మూతలు పెట్టాలి. గోనెగుడ్డ కుక్కితే దాని పీచు టర్బోలోకి పోతుంది. అసలు జాగ్రత్త ఇంకోచోట ఉంది: బరువంతా సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) మీద పడకూడదు. సంప్ చాలావాటికి పల్చటి రేకే. అది లోపలికి నొక్కుకుంటే ఆయిల్ పీల్చే జాలీకి తగిలి, ఇంజిన్ లారీకి బిగించాక ఆయిల్ ప్రెషర్ రాదు. అందుకే మౌంటింగ్ బ్రాకెట్లను చెక్క ఫ్రేముకి బోల్టు చేసి, సంప్ గాల్లో ఉండేలా చూడాలి. విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు GST కింద ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) మర్చిపోకండి.

ఆయిల్ తీస్తే బేరింగులు పట్టేస్తాయని చాలామంది టెన్షన్ పడతారు. తిరగని ఇంజిన్‌లో అరుగుదల ఉండదు. భాగాలకు అంటుకున్న పల్చటి ఆయిల్ పొర కొద్దిరోజుల ప్రయాణానికి చాలు. ప్రమాదమల్లా అక్కడ దించాక ఆయిల్ పొయ్యకుండా స్టార్ట్ చేస్తేనే. ‘ఆయిల్ లేదు’ అని పెద్దక్షరాలతో రాసి ఇంజిన్‌కే కట్టండి.