ఆ అర బకెట్ నీళ్లు

కడప

చిరంజీవి అమ్మాయికి దీవెనలు.

నేవీలో పనిచేసిన మీ నాయన గురించి నువ్వు రాసిన వ్యాసం, పదకొండు పేజీలూ అందాయి. మీ నాయన పోయి నాలుగు నెలలు కాలేదు, అప్పుడే కూర్చుని ఇంత రాశావంటే గట్టిదానివే. మొదటిసారి చదివినప్పుడు నాకు తప్పులేవీ కనపడలేదు, ఆయన మొహమే కనపడింది. ఏటా నవంబరులో బ్యాంకు దగ్గర లైఫ్ సర్టిఫికెట్ క్యూలో కలిసేవాళ్లం కదా. "బతికే ఉన్నామని సంతకం పెట్టేదానికి వచ్చినారా అయ్యవారూ" అని క్యూ అంతా వినపడేలా పలకరించేవారు. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. ఈ ఉత్తరం ఆ రెండోసారి సంగతి. కోపం తెచ్చుకోవద్దు.

ముందు కరాచీ. పాకిస్తాన్‌తో యుద్ధంలో, 1971 డిసెంబరు 4 రాత్రి కరాచీ రేవును తగలబెట్టిన వీరుల్లో మీ నాయన ఒకరని మూడో పేజీలో రాశావు. నువ్వే జతచేసిన సర్వీసు కాగితాల జిరాక్సులో మాత్రం ఓడ పేరు విక్రాంత్ అనీ, అంటే విమానాలు మోసే ఓడ, పతకం పూర్వీ స్టార్ అనీ ఉంది. అది తూర్పు వైపు పోరాడినవాళ్లది. పడమటి వైపు పోరాడినవాళ్లకు ఇచ్చింది పశ్చిమీ స్టార్. కరాచీ మీద క్షిపణులు వేసినవి నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే చిన్న పడవలు. విక్రాంత్ ఆ రోజు బంగాళాఖాతంలో ఉంది. దాని మీంచి లేచిన విమానాలే అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీద, చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. మీ నాయన దేశానికి ఆ పక్కనుంటే నువ్వు తీసుకొచ్చి ఈ పక్కన పెట్టావు! పెళ్లిళ్లలో బంధువులు చెప్పుకునే మాటలు అట్లాగే పెరుగుతాయి, అందులో నీ తప్పేం లేదు. అచ్చయ్యాక మాత్రం నీదే.

ఇంకో సంగతి నీకు తెలిసినట్టు లేదు. ఆ యుద్ధం నాటికి విక్రాంత్‌ నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్లిచ్చి పనికిరాకుండా ఉంది. విమానం లేవాలంటే ఓడ గాలికి ఎదురుగా వేగంగా పోవాలి. మూడు బాయిలర్లతోనే ఆ పని నెట్టుకొచ్చారు. మీ నాయన స్టోకరు, అంటే బాయిలర్లు చూసుకునే నావికుడు. ఇరవయ్యేళ్ల కడప పిల్లవాడు, ఓడ అడుగున, ఆ వేడిలో, గేజీలో ముల్లు చూస్తూ నిలబడి ఉంటాడు. పైన ఏం జరుగుతోందో ఆయనకు తెలిసేది కూడా తక్కువే. కరాచీ మంటల కన్నా నాకు ఇది పెద్ద విషయంగా కనిపిస్తోంది. వీరుడన్న మాట వాడకుండా ఇది రాయి.

ఇక నీ మొదటి వాక్యం. "నీటిచుక్క కరువైన రాయలసీమ నుంచి నీటి లోకంలోకి" అన్నావు. కొట్టెయ్యి. సీమ నుంచి సముద్రానికి పోయిన ఎవరి గురించి రాసినా ఎవరికైనా ముందు తట్టేది అదే. పైగా అది నిజమూ కాదు. బాయిలర్ రూములో పనిచేసి రిటైరైన ఇంకొకాయన మా వీధిలో ఉండేవారు. ఓడలో నీళ్లకు కటకట అని ఆయనే చెప్పారు. సముద్రపు నీళ్లు కాచి, ఆవిరి పట్టి మంచినీళ్లు చేస్తారు. ఆ నీళ్లు ముందు బాయిలర్లకు, మిగిలితే మనుషుల స్నానాలకు. ఇప్పుడు నీ ఎనిమిదో పేజీ చూడు. "నాన్న అర బకెట్ నీళ్లతో స్నానం ముగించేవారు, మేం నిండు బకెట్ పెట్టుకుంటే తిట్టేవారు" అని ఒక్క వాక్యం రాసి, కరువు కాలం మనిషి కదా అని దాటిపోయావు. ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టిన ఎండాకాలాలు నాకూ తెలుసు. కానీ మన ఊరి వాగు బుగ్గవంక పొంగి వీధుల్లోకి నీళ్లొచ్చిన ఏడు కూడా ఆయనది అర బకెట్టే అని నువ్వే అంటున్నావు. మరి అది మన ఊరు నేర్పిందా, ఓడ నేర్పిందా? నీ వ్యాసం అక్కడ మొదలవుతుంది. మొదటి ఏడు పేజీలు దాని కోసం నువ్వు వెతుక్కున్న దారి మాత్రమే.

క్రమశిక్షణ అనే మాట పద్నాలుగుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. నేనూ ఈ పని చేసినవాణ్నే. మా నాయన పోయినప్పుడు ఒక వారపత్రికకు రాశాను. కష్టజీవి, నిజాయితీపరుడు, మితభాషి, అన్నీ పెట్టాను. అచ్చయ్యాక మా అక్కకు చదివి వినిపిస్తే, ఆమె చేటలో బియ్యం ఏరుతూ "బాగుంది రా, ఎవురి గురించి?" అంది. మా నాయన చెనిక్కాయలు కొలిచేటప్పుడు చివర్లో ఒక గుప్పెడు ఎక్కువేసేవాడు, ఆ గుప్పెడు కోసం రాత్రి అమ్మ చేత తిట్లు తినేవాడు. అది రాయలేదు నేను. తర్వాత ఎన్ని కథలు రాసినా ఆ గుప్పెడు ఎక్కడా ఇమడలేదు.

నువ్వు పుట్టేనాటికి మీ నాయన యూనిఫాం విప్పేసి ఊరొచ్చేశారు. నువ్వు చూసింది బడి యూనిఫాం ఇస్త్రీ చేసి మడత గీటు వేలితో సరిచూసే నాన్నను, పరీక్ష రోజు బడి గేటు దగ్గర ఎండలో నిలబడ్డ నాన్నను. మీ అన్నకు దొరికిన నాన్న వేరు. ఆ కొన్నేళ్లు మీ అమ్మ రాసిన ఉత్తరాల మీద చిరునామా ఫ్లీట్ మెయిల్ ఆఫీస్, బొంబాయి. ఓడ ఎక్కడుందో చిరునామా చెప్పదు. సెలవుకొచ్చిన మనిషిని మీ అన్న "మామా" అని పిలిచాడని నవ్వులాటగా రాశావు. నాకు నవ్వు రాలేదు. తర్వాత పుట్టిన నీ మీద అంత ప్రాణం పెట్టడంలో మీ అన్నకు బాకీపడ్డది కూడా కలిసి ఉందేమో. నువ్వు తేల్చొద్దు. రెండూ పక్కపక్కన పెట్టి వదిలెయ్యి. ప్రచురించే ముందు మాత్రం మీ అన్నకు చూపించు.

మిలిట్రీ క్యాంటీనులో దొరికే రమ్ము సంగతి ఎందుకు దాచావు? తాను ముట్టకపోయినా నెల మొదట్లో ఇంటికొచ్చే చుట్టాల సంఖ్య పెరిగేదని ఆయనే నాకు చెప్పి నవ్వారు. అదీ రాయి. వీధిలో అందరూ "మిలిట్రీ ఆయన" అంటుంటే "నేవీ, నేవీ" అని కొన్నేళ్లు దిద్ది, చివరికి ఊరుకున్నారు చూడు, అది బాగుంది. దాని జోలికి పోకు.

ఒక్కటి మిగిలింది. ఐదో పేజీలో "సింహంలాంటి గొంతు" అన్నావు. చిన్నప్పుడు ఆ గొంతుకు భయపడి తలుపు వెనక నిలబడేదాన్నని కూడా రాశావు. అమ్మాయీ, బాయిలర్ల మోతలో పదిహేనేళ్లు పనిచేసిన మనిషి. మా వీధి ఆయనకూ వినపడేది కాదు, అందుకే అరిచి మాట్లాడేవారు. మీ నాయనకు నిజంగా కోపమేనా? మీ అమ్మను అడుగు. పెళ్లయిన కొత్తలో ఆయనతో మాట్లాడాలంటే ఏ పక్కకు వచ్చి కూర్చునేదో అడుగు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకుని, తర్వాత నాకు పంపు.

ఇట్లు,
మీ అయ్యవారు