ఊలు అల్లిక: మీ ప్రశ్నలు, మా జవాబులు

తొలకరి పడిందంటే ఊలు ఉత్తరాలు ఎక్కువవుతాయి. విదేశాల్లో ఉన్న పిల్లలకి అక్కడ చలి ముదిరేలోగా పార్సిల్ చేరాలని అందరికీ తొందర. మన గాలిలో తేమ ఊలుకి చేసే అల్లరి కూడా ఇప్పుడే మొదలవుతుంది. ఈ నెల జవాబులు ఆ రెండిటి చుట్టూనే.

చిన్నప్పట్నుంచీ లేసు అల్లిన చెయ్యి నాది. ఇప్పుడు రెండు సూదులతో మనవడికి స్వెట్టర్ మొదలుపెట్టాను. ఒక వరస నిట్ (సూది కుట్టులోకి ముందు నుంచి వెనక్కి పోయేది), ఒక వరస పర్ల్ (వెనక నుంచి ముందుకి వచ్చేది), సాదా అల్లికే. కానీ వరస విడిచి వరస కుట్లు మెలిపడ్డట్టు కనిపిస్తున్నాయి. బట్ట బిగుసుకుపోయి ఓ పక్కకి వాలుతోంది. ఎందుకు? – ఒక పాఠకురాలు, నరసాపురం

కొక్కెం సూదితో (క్రోషే) లేసు అల్లే వాళ్లు దారాన్ని ఎడమ చేతిలో పట్టుకుంటారు. నిట్ కుట్టుకి ఆ అలవాటు బాగా పనికొస్తుంది, దాన్ని మార్చుకోవద్దు. చిక్కు పర్ల్ దగ్గర వస్తుంది. పర్ల్ వేసేటప్పుడు దారం సూది మొన పైనుంచి చుట్టుకుని కిందికి దిగాలి. ఎడమ చేతిలో దారం ఉన్నవాళ్లకి సూదిని దారం మీదుగా పోనిచ్చి కింద నుంచి లాక్కోవడం సుళువు కాబట్టి, తెలియకుండానే అలా చేసేస్తారు. కుట్టు పడుతుంది, కాకపోతే సూది మీద తిరగబడి కూర్చుంటుంది. తర్వాతి నిట్ వరసలో దాన్ని మామూలుగా ముందు కాలులోంచి అల్లితే మెలిపడుతుంది. నిట్ వరసల్లోనే, ఒకే దిక్కుకి మెలిపడుతోంది కాబట్టి బట్ట వాలుతోంది.

చూసుకోవడం తేలిక. పర్ల్ వరస అయ్యాక ఎడమ సూది మీది కుట్టు చూడండి. కుట్టుకి రెండు కాళ్లు ఉంటాయి. కుడి కాలు సూదికి ముందు ఉంటే సరిగా ఉన్నట్టు. ఎడమ కాలు ముందుకి వచ్చి ఉంటే పైన చెప్పినదే జరిగింది.

సరిచేసుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, పర్ల్‌లో దారాన్ని పైనుంచి చుట్టడం నేర్చుకోవడం. ఓ యాభై కుట్లు ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత చేతికి పడిపోతుంది. రెండోది, పర్ల్ మీ పద్ధతిలోనే వేసుకుని నిట్ వరసలో ప్రతి కుట్టునీ వెనక కాలులోంచి అల్లడం. అప్పుడు మెలిక పడదు. ఇది తప్పు పద్ధతేమీ కాదు, కొన్ని దేశాల్లో ఇలాగే అల్లుతారు. కానీ చంకల దగ్గర, మెడ దగ్గర కుట్లు తగ్గించేటప్పుడు జాగ్రత్త. రెండు కుట్లు కలిపి అల్లమన్న చోట మీ కుట్లు తిరగబడి ఉంటాయి కాబట్టి ముందు వాటిని ఒక్కొక్కటిగా కుడి సూది మీదకి తీసి, కాలు సరిచేసి, వెనక్కి పెట్టి అప్పుడు కలపాలి. లేకపోతే కుడికి వాలాల్సిన అంచు ఎడమకి వాలుతుంది. గుండ్రంగా టోపీ అల్లితే పర్ల్ వరసే ఉండదు, అక్కడ వెనక కాలులోంచి అల్లకూడదు. అల్లితే అక్కడే మెలికలు పడతాయి. ఈ సర్దుబాట్లన్నీ గుర్తుపెట్టుకోవడం కంటే మొదటి దారే మేలని మా అభిప్రాయం.

ఇంకొకటి. లేసు దారం సాగదు, అందుకే లేసు చెయ్యి బిగువు. ఊలుని అంత బిగువుగా లాగితే దానిలోని సాగుడు చచ్చిపోతుంది. చిటికెన వేలికి దారం రెండు చుట్లు తిప్పుకునే అలవాటుంటే ఒక చుట్టుకి తగ్గించండి. అప్పటికీ బిగువైతే సూది ఒక సైజు లావుది తీసుకోండి.

పాత పుస్తకంలోని నమూనా ప్రకారం 8 నంబరు సూదులు, 8 ప్లై (మధ్యరకం లావు) ఊలు వాడాను. ఛాతీ చుట్టుకొలత 101 సెం.మీ. రావాలి, 111 వచ్చింది. సూదులు మా అమ్మాయి అమెరికా నుంచి తెచ్చినవి, వాటి మీద కూడా 8 అనే ఉంది. – ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మన దేశంలో అచ్చయిన పాత పుస్తకాల్లోనూ, ఇక్కడి దుకాణాల్లోనూ పాత బ్రిటిష్ నంబర్లు నడుస్తాయి. వాటిలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 8 అంటే 4 మి.మీ., 10 అంటే 3.25, 12 అంటే 2.75. అమెరికా నంబర్లు దీనికి తలకిందులు. అక్కడ 8 అంటే 5 మి.మీ., 10 అంటే 6. మీరు 4 మి.మీ. బదులు 5 మి.మీ. సూదులతో అల్లారు. ఇక మీదట నంబరు చూడొద్దు, మిల్లీమీటర్లే చూడండి.

లెక్క చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. 8 ప్లైకి 4 మి.మీ. సూదులతో 10 సెం.మీ.కి 22 కుట్లు రావడం మామూలు. 101 సెం.మీ.కి 222 కుట్లు. మీకు 10 సెం.మీ.కి 20 కుట్లే పడ్డాయి, అందుకే అవే 222 కుట్లు 111 సెం.మీ. అయ్యాయి. 10 సెం.మీ.కి రెండు కుట్లు తేడా అంటే చూడటానికి ఏమీ లేదు, ఒంటి మీదకి వచ్చేసరికి నాలుగంగుళాలు.

మొదలుపెట్టే ముందు ఓ 34 కుట్లతో 15 సెం.మీ. ఎత్తు నమూనా ముక్క అల్లి, ఉతికి, పరిచి పూర్తిగా ఆరబెట్టి, అంచులు వదిలేసి మధ్యలో 10 సెం.మీ. కొలవండి. ఉతక్కుండా కొలిస్తే కొలిచినట్టు కాదు. తడిసి ఆరాక ఊలు వదులవుతుంది. మెషీన్‌లో ఉతకొచ్చని లేబుల్ మీద ఉన్న ఊలు అయితే మరీ సాగుతుంది. ముసురు పట్టిన రోజు కొలిచినా లెక్క తప్పొచ్చు. ఊలు తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకుని కూడా చేతికి పొడిగానే తగులుతుంది.

అల్లినది విప్పాల్సిందే. విప్పిన ఊలుని కుర్చీ వెనక భాగానికి చుట్టి చిలప (వదులు చుట్ట) చేయండి. నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో తడిపి నీడన వేలాడదీయండి. వంకరలు పోతాయి. వంకరలున్న ఊలుతో మళ్లీ అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి.

మా ఊరి దుకాణంలో ఊలు అని అమ్మేది నిజంగా గొర్రె ఊలేనా? – ఒక పాఠకుడు, భీమవరం

చాలామటుకు అక్రిలిక్ అనే కృత్రిమ దారం. లేబుల్ ఉంటే చదవండి. లేకపోతే అంగుళం ముక్కని పటకారుతో పట్టుకుని గిన్నె మీద కాల్చి చూడండి. గొర్రె ఊలు మెల్లగా కాలుతుంది, మంట తీసేస్తే ఆరిపోతుంది, వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన బొగ్గు వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుంది. అక్రిలిక్ కరిగి మండుతుంది, మంట తీసినా ఆగదు, చివర గట్టి నల్లటి గుండు మిగులుతుంది. రెండూ కలిసిన దారమైతే రెండు లక్షణాలూ కనిపిస్తాయి.

అక్రిలిక్‌ని తీసిపారేయనక్కర్లేదు. బక్కెట్లో గుంజినా తట్టుకుంటుంది, పురుగు తినదు. లంబసింగికో అరకుకో రెండు రోజులు వెళ్లొచ్చేవాళ్లకి అది చాలు. దాని మీద వేడి ఇస్త్రీ పెట్టెని మాత్రం ఆనించకండి. ఒకసారి కరిగి చప్పబడితే ఇక ఆకారం రాదు. మంచు పడే చోట ఉండేవాళ్లకి గొర్రె ఊలే కావాలి. గుచ్చుకుంటుందని భయపడేవాళ్లు మెరీనో జాతి గొర్రెల సన్నటి ఊలు తీసుకోవాలి. గొంగళి గుచ్చుకునేది అందులోని వెంట్రుక లావుగా ఉండటం వల్ల.

మేజోళ్లు అల్లుతుంటే మడమ పక్కన రెండు వైపులా బొక్కలు పడుతున్నాయి. – ఒక పాఠకురాలు, పాలకొల్లు

ఎక్కడ పడుతున్నాయో మీరు రాయలేదు. అందుకే మడమ మొత్తం కుట్ల లెక్కతో చెబుతాం, మీ దానితో పోల్చుకోండి. పాదం చుట్టుకొలత 22 సెం.మీ. అయితే మేజోడు 20 సెం.మీ. ఉండాలి, సాగి పట్టుకోవాలి కదా. సన్నటి 4 ప్లై ఊలు, 2.25 మి.మీ. సూదులు, 64 కుట్లు. జతకి 100 గ్రాములు. మూడు వంతులు ఊలు, ఒక వంతు నైలాన్ ఉన్న దారమైతే మడమ త్వరగా అరగదు.

మడమ పట్టీకి (మడమ వెనక కప్పే ముక్కకి) సగం, అంటే 32 కుట్లు తీసుకుని 32 వరసలు అల్లండి. ప్రతి వరసలో మొదటి కుట్టుని అల్లకుండా కుడి సూది మీదకి జార్చాలి. అంచున 16 పెద్ద గొలుసులు ఏర్పడతాయి. తర్వాత మడమ తిప్పాలి, అంటే మడమకి గిన్నెలా వంపు తేవాలి. మొదటి కుట్టు జార్చి 17 నిట్, ఎడమకి వాలేలా రెండు కలిపి ఒకటి, ఇంకో నిట్, తిప్పండి. ఇప్పుడు ఒకటి జార్చి 5 పర్ల్, రెండు కలిపి పర్ల్, ఒక పర్ల్, తిప్పండి. ఇక్కడ్నుంచి ప్రతి వరసలోనూ సందు కనిపించే చోటికి ఒక కుట్టు ముందు దాకా అల్లి, సందుకి అటూ ఇటూ ఉన్న కుట్లని కలిపి, ఇంకొకటి అల్లి తిప్పుతూ పోవాలి. చివరి రెండు వరసల్లో కలిపాక అల్లడానికి కుట్టు మిగలదు, అలాగే తిప్పేయాలి. పూర్తయ్యేసరికి 18 కుట్లు ఉండాలి. లేకపోతే ఎక్కడో ఒకటి దాటేశారన్నమాట.

తర్వాత పట్టీ రెండు అంచుల నుంచీ 16 చొప్పున కుట్లు ఎత్తుకుంటాం. బొక్కలు పుట్టేది ఇక్కడే, మూడు రకాలుగా. అంచు పొడుగునా చిన్న చిన్న చిల్లులు వరసగా ఉంటే, గొలుసులోని ఒక పోగునే ఎత్తుతున్నారని అర్థం. రెండు పోగుల కిందనుంచీ ఎత్తాలి. పట్టీ, పాదం పైభాగం కలిసే మూలలో ఒక్క పెద్ద బొక్క ఉంటే ఆ మూల సందులోంచి ఒక కుట్టు అదనంగా, మెలిపెట్టి ఎత్తండి. అప్పుడు మొత్తం 18, 17, 17, పైభాగం 32 కలిపి 84. రౌండు విడిచి రౌండు రెండేసి తగ్గిస్తూ పోతే పదోసారికి 64కి వస్తారు. ఎత్తిన కుట్లని మొదటి రౌండులో వెనక కాలులోంచి అల్లితే ఇంకా గట్టిగా మూసుకుంటాయి. మూడో రకం బొక్క కాదు, సూదికీ సూదికీ మధ్య నిచ్చెనలా కనిపించే గీత. చాలామంది మొదటి కుట్టుని బిగిస్తారు. ఉపయోగం లేదు. రెండో కుట్టు అల్లాక లాగండి, మొదటిది దానంతటదే బిగుస్తుంది.

ఊలు స్వెట్టర్ ఉతికితే అట్టలా గట్టిపడింది. కాలవలు కట్టేసినప్పుడు బోరు నీళ్లే గతి, అవి ఉప్పన. తప్పు నీళ్లదేనా? – ఒక పాఠకురాలు, రాజోలు

ముట్టుకుంటే బిరుసుగా ఉండి సైజు మారకపోతే నీళ్లదే. సబ్బు, బోరు నీటిలోని సున్నం కలిసి తెల్లటి మడ్డిగా ఊలుకి పట్టుకుంటుంది. ఒక చెంచా వెనిగర్ కలిపిన మంచినీళ్లలో నానబెడితే చాలావరకు పోతుంది. సైజు తగ్గి, కుట్లు కలిసిపోయి, కత్తిరిస్తే అంచు విడిపోకుండా ఉంటే మాత్రం తప్పు చేతిది. ఊలు వెంట్రుక మీద పొలుసులుంటాయి. వేడి, సబ్బు, రుద్దుడు మూడూ కలిస్తే అవి ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి. ఇక విడదీయలేం.

ఊలుకి కుంకుడు రసం మన దగ్గర దొరికే మంచి సబ్బు. గట్టి నీళ్లలో కూడా మడ్డి కట్టదు. ఐదు లీటర్ల గోరువెచ్చని నీళ్లకి గింజలు తీసిన ఎనిమిది పది కాయల రసం వడగట్టి పోయండి. తెల్ల ఊలుకి లేత పసుపు రంగు అంటుతుంది కాబట్టి దానికి పసిపిల్లల షాంపూ వాడండి. పావుగంట నానబెట్టి నొక్కడమే, రుద్దొద్దు, పిండొద్దు, కుళాయి ధార కింద పెట్టొద్దు. జాడించే నీళ్లు కూడా అంతే వెచ్చగా ఉండాలి. ఆఖరి జాడింపుకి వాన నీళ్లో క్యాన్ నీళ్లో అట్టేపెట్టుకోండి. వాషింగ్ సోడా దగ్గరికి రానివ్వకండి, బ్లీచింగ్ అయితే ఊలుని ఏకంగా తినేస్తుంది.

తడి స్వెట్టర్‌ని తువ్వాల్లో చుట్టి, దాని మీద నిలబడి తొక్కితే సగం నీళ్లు పోతాయి. తర్వాత నులక మంచం మీద పొడి తువ్వాలు వేసి, కొలతకి సర్ది, ఫ్యాన్ కింద పరచండి. మంచం కింద నుంచి కూడా గాలి ఆడుతుంది. దండెం మీద వేస్తే చేతులు మోకాళ్ల దాకా సాగుతాయి. శ్రావణంలో రెండు రోజులు పట్టొచ్చు, ఆరారగా తిప్పండి.

కలరా ఉండలు వేసినా స్వెట్టర్లకి చిల్లులు పడుతున్నాయి. పుట్టబోయే మనవరాలి కోసం అల్లినవి కూడా అదే బీరువాలో ఉన్నాయి. – ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం

ముందు పసిబిడ్డ బట్టలు అందులోంచి తీసేయండి. కొందరు పిల్లలకి పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. అలాంటి బిడ్డకి కలరా ఉండల్లోని నాఫ్తలీన్ పట్టిన బట్టలు తొడిగితే రక్తకణాలు పగిలి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. ఎవరికి ఉందో ముందుగా తెలియదు. కాబట్టి పసివాళ్ల బట్టల్లో కలరా ఉండలు వద్దే వద్దు.

ఇక చిల్లుల సంగతి. ఎగిరే పురుగు ఊలు తినదు, అది పెట్టిన గుడ్లలోంచి వచ్చే లార్వా తింటుంది. చెమట, అన్నం మరకలు ఉన్న చోట మొదట కొరుకుతుంది. అంటే ఉతక్కుండా దాచడమే అసలు కారణం. వేపాకు వాసనకి పురుగు కొంత దూరంగా ఉండొచ్చు గానీ లోపల ఉన్న గుడ్లు చావవు. ఉతికి బాగా ఆరిన స్వెట్టర్‌ని జిప్ కవర్లో పెట్టి గాలి తీసేసి, ఫ్రిజ్ పైన ఫ్రీజర్‌లో వారం ఉంచండి. తీసి, కవర్ తెరవకుండా ఒక రోజు బయట పెట్టి, మళ్లీ వారం లోపల పెట్టండి. చల్లగా ఉండగానే తెరిస్తే మన గాలికి ఊలు మీద నీరు పడుతుంది. ఏమాత్రం తడి ఉన్నా జిప్ కవర్లో బూజు పడుతుంది, అనుమానం ఉంటే పాత నూలు చీర ముక్కలో చుట్టండి.

స్వెట్టర్ మెడకి మన లేసు కుట్టొచ్చా? – ఒక పాఠకురాలు, మొగల్తూరు

గుండీలు పెట్టి ముందు తెరిచే స్వెట్టరైతే నిక్షేపంగా కుట్టొచ్చు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన మన నరసాపురం లేసు ఊలు మీద బాగా నప్పుతుంది కూడా. తల మీదుగా తొడిగేదానికి వద్దు. నూలు లేసు సాగదు, తల దూరదు. కుట్టే ముందు లేసుని వేడినీళ్లలో ఉతికి ముడుచుకోనివ్వండి. స్వెట్టర్ అంచు మీదే క్రోషే అల్లాలనుకుంటే నాలుగు వరసలకి మూడు కుట్ల లెక్కన వేయండి. నాలుగుకి నాలుగు వేస్తే అంచు కుచ్చిళ్లు పడుతుంది.

చెమట చేతులకి సూదులు అంటుకుపోతున్నాయి. – ఒక పాఠకురాలు, యానాం

వెదురు సూదులు వాడుతుంటే మానేసి నున్నటి స్టీలు సూదులు తీసుకోండి. సముద్రపు గాలికి పూత పోయిన చోట తుప్పు పడుతుంది, తెల్ల ఊలు మీద తుప్పు మరక వదలదు. వాడాక పొడిగుడ్డతో తుడిచి పెట్టండి, నూనె రాయకండి. పాత అల్యూమినియం సూదులైతే తెల్ల ఊలుని నలుపు చేస్తాయి.

రెండు ఉండలు తక్కువ పడ్డాయి, అదే లాట్ (ఒకేసారి రంగేసిన ఊలు) దొరకలేదు. – ఒక పాఠకురాలు, ముమ్మిడివరం

ఉన్నట్టుండి కొత్త ఉండకి మారితే అడ్డంగా గీత కనిపిస్తుంది. పాత ఉండ పూర్తిగా అవ్వకముందే, ఓ 8 సెం.మీ. ఎత్తు మేర పాతది రెండు వరసలు, కొత్తది రెండు వరసలు మార్చి మార్చి అల్లండి. రంగు తేడా బాగా ఎక్కువగా ఉంటే కొత్తదాన్ని చేతుల అంచులకీ మెడ పట్టీకీ మాత్రమే వాడండి. 36–38 అంగుళాల ఛాతీకి 8 ప్లై ఊలు దాదాపు 500 గ్రాములు పడుతుంది. ఈసారి 50 గ్రాముల ఉండలు పదకొండు ఒకేసారి తీసుకోండి, మిగిలితే టోపీ అవుతుంది.