చెన్నై సెయింట్ జార్జి కోట నేటికీ సైనిక కోటేనా?

ప్రధానంగా కాదు. సైన్యానికి చెందిన భవనాలు కొన్ని లోపల ఉన్నప్పటికీ, నేడు అది తమిళనాడు శాసనసభకూ సచివాలయానికీ నిలయం.

ఆ ప్రాంత పాలకుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు 1639లో ఇచ్చిన అనుమతితో ఈస్టిండియా కంపెనీ సముద్రపుటొడ్డున ఈ కోటను కట్టింది. ఆయన తండ్రి చెన్నప్ప పేరిటే చెన్నపట్నం వెలసింది. 1746లో దీన్ని పట్టుకున్న ఫ్రెంచివారు 1749లో తిరిగి అప్పగించారు. 1680 నాటి సెయింట్ మేరీ చర్చిలో తలెత్తి చూడండి: ఫిరంగి గుండ్లకు తట్టుకునేలా పైకప్పును చెక్క దూలాలతో కాక మందపాటి ఇటుక కమానుగా కట్టారు, కోటలో గుడికి సైతం యుద్ధభయం తప్పలేదని అది చెబుతుంది.

పురావస్తు శాఖ మ్యూజియంలో, 1947 ఆగస్టు 15న ఈ కోటపై ఎగిరిన జెండాను భద్రపరిచారు. దాన్ని తప్పక చూడాలని నా మనవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాల పాలన ఇక్కడి నుంచే సాగింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా (నేటి ముఖ్యమంత్రి పదవి లాంటిది) పనిచేసిందీ ఇక్కడే. అందుకే చెన్నైలోని తెలుగువారు ఈ కోటను పరాయిదిగా చూడనక్కరలేదు. సచివాలయ భాగంలోకి మాత్రం అనుమతి లేనిదే వెళ్లనివ్వరు.