రాష్ట్ర సెనేటర్ ఒకడు వలసల విషయంలో ఏం చేయగలడు? రస్సెల్ పియర్స్ సంగతి

మీరు అడిగింది: "అమెరికాలో వలసలు ఫెడరల్ ప్రభుత్వం పరిధిలోవి కదా, మరి అరిజోనాలో రస్సెల్ పియర్స్ అనే రాష్ట్ర సెనేటర్ పేరు అంతగా ఎందుకు మోగింది? సొంత పార్టీకి అంత బలం ఉన్నచోట ఎలా ఓడిపోయాడు?"

నేను అరిజోనాలోని టెంపీలో ఎమ్మెస్ చేసి, తర్వాత పక్కనే ఉన్న వెస్ట్ మీసాలో అద్దెకు ఉన్నాను. అది ఆయన నియోజకవర్గమే. నాకు ఓటు లేదు, కానీ ఆ గొడవంతా మా వీధిలోనే జరిగింది కాబట్టి చెప్పగలను.

పియర్స్ 1947లో మీసాలోనే పుట్టాడు. రాజకీయాల్లోకి రాకముందు పోలీసు. మారికోపా కౌంటీ షెరీఫ్ (కౌంటీ పోలీసు అధిపతి) ఆఫీసులో పైకొచ్చి, జో అర్పాయో షెరీఫ్ అయ్యాక ఆయన కింద చీఫ్ డెప్యూటీగా చేశాడు. ఎడారి ఎండలో గుడారాలు వేసి ఖైదీలను ఉంచిన 'టెంట్ సిటీ' గుర్తుందా? ఆ ఆలోచన తనదేనని చెప్పుకునేవాడు. డ్యూటీలో తుపాకీ దెబ్బ తిని వేలు కొంత పోగొట్టుకున్నాడు. 2004 చివర్లో, షెరీఫ్ ఆఫీసులో డెప్యూటీగా పనిచేస్తున్న ఆయన కొడుకు మీద కాల్పులు జరిపింది చట్టవిరుద్ధంగా దేశంలో ఉన్న వ్యక్తి. ఇవి తెలియకుండా ఆయన పట్టుదల అర్థం కాదు. అయితే కొడుకు గాయపడ్డాకే ఆయన ఈ దారి పట్టాడని కొందరు రాస్తుంటారు, అది తప్పు. అప్పటికే ఆయన వెనక నిలిచిన ప్రొపొజిషన్ 200ను ప్రజలు ఓటేసి గెలిపించారు. ఓటరుగా నమోదు కావాలంటే పౌరసత్వ రుజువు చూపాలన్నది అందులో ముఖ్యమైన షరతు.

2000లో దిగువ సభకు ఎన్నికయ్యాడు. అరిజోనాలో ఒక సభలో వరసగా నాలుగు టర్ములకు మించి ఉండకూడదు, టర్ము రెండేళ్లే. అందుకే 2008లో సెనేటుకు మారాడు. జీతం ఏడాదికి 24,000 డాలర్లు. సెనేటులో మొత్తం 30 మందే. ఇంత చిన్న సభలో బడ్జెట్ కమిటీ చేతిలో పెట్టుకుని, ఒకే విషయాన్ని ఏళ్ల తరబడి వదలకుండా పట్టుకున్నవాడి మాట చెల్లకుండా ఎలా ఉంటుంది? దిగువ సభలో ఉన్నప్పుడే ఆయన బడ్జెట్ చూసే అప్రాప్రియేషన్స్ కమిటీకి ఛైర్మన్.

ఇక మీ అసలు ప్రశ్న. వీసాలివ్వడం, దేశం నుంచి పంపేయడం రాష్ట్రాల పని కాదు. పనిచేయడానికి అనుమతి లేనివాళ్లను ఉద్యోగంలో పెట్టుకున్న యజమానికి రాష్ట్రాలు జరిమానా వేయకూడదని 1986 ఫెడరల్ చట్టమే చెప్పింది. కానీ అందులోనే ఒక సందు వదిలారు: లైసెన్సులకు సంబంధించిన చట్టాలకు మినహాయింపు. పియర్స్ ఆ సందులోంచే దూరాడు. 2007లో ఆయన తెచ్చిన చట్టం ప్రకారం, తెలిసి తెలిసి అలాంటివాళ్లను పెట్టుకుంటే మొదటిసారి వ్యాపార లైసెన్సు సస్పెండ్ చేయొచ్చు, రెండోసారి శాశ్వతంగా రద్దు చేయొచ్చు. కొత్తగా తీసుకునే ప్రతి ఒక్కరినీ ఈ-వెరిఫైలో, అంటే పనిచేసే అనుమతి ఉందో లేదో చూసే ఫెడరల్ ఆన్‌లైన్ వ్యవస్థలో, చెక్ చేయడం తప్పనిసరి. సంతకం పెట్టింది డెమొక్రాట్ గవర్నర్ జానెట్ నెపోలిటానో. వ్యాపార సంఘాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి, 2011 మేలో 5-3 తేడాతో ఓడిపోయాయి.

మన తెలుగు పిల్లలకు ఈ చట్టంతో ఒక తమాషా సంబంధం ఉంది. 2008లో స్టెమ్ (సైన్స్, ఇంజినీరింగ్ లాంటివి) చదివినవాళ్లకు ఓపీటీ, అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే గడువు, మరో 17 నెలలు పొడిగించారు కదా, దానికి కంపెనీ ఈ-వెరిఫైలో ఉండాలన్నది షరతు. వేరే రాష్ట్రాల్లో మా క్లాస్‌మేట్లు చిన్న కంపెనీల హెచ్ఆర్ వాళ్లను బతిమాలుకుంటూ టెన్షన్ పడుతుంటే, మాకు ఇక్కడ ఆ బాధ లేదు. ఈ-వెరిఫైలో చేరమని చట్టమే యజమాని మెడ మీద కత్తి పెట్టింది. పియర్స్ గారు మా గురించి ఆలోచించి చేశారని మాత్రం అనుకోకండి.

అందరికీ తెలిసింది ఎస్‌బీ 1070, పత్రాల్లేని వలసదారుల మీద రాష్ట్ర పోలీసులను ప్రయోగించే పియర్స్ బిల్లు. దాని రాతలో కాన్సస్‌కు చెందిన న్యాయ నిపుణుడు క్రిస్ కోబాక్ చెయ్యి కూడా ఉంది. బతకడం కష్టం చేస్తే వాళ్లంతట వాళ్లే వెళ్లిపోతారన్నది ఆలోచన. 2010 మార్చిలో సరిహద్దు దగ్గర ఒక పశువుల పెంపకందారు హత్యకు గురయ్యాడు. చంపిందెవరో తేలలేదు, కానీ దాంతో రాష్ట్రమంతా వేడెక్కింది. ఏప్రిల్ 23న గవర్నర్ జాన్ బ్రూవర్ సంతకం పెట్టేసింది.

ఆ వేసవి మాకెలా గడిచిందంటే, అపార్ట్‌మెంట్లో సీనియర్ అన్నలు జూనియర్లందరికీ ఒకటే మాట: "పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి రికార్డు) జేబులో లేకుండా పాల ప్యాకెట్‌కి కూడా వెళ్లకండిరా." నిజానికి విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ పత్రం వెంట ఉంచుకోవాలన్నది పాత ఫెడరల్ నిబంధనే, ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఎస్‌బీ 1070 దాన్ని రాష్ట్ర నేరంగా కూడా చేయబోయింది. జులై 28న, అమలుకు ఒక్కరోజు ముందు, ఫెడరల్ జడ్జి సూసన్ బోల్టన్ ఆ సెక్షన్‌తో పాటు మరికొన్నింటిని ఆపేశారు. 2012 జూన్‌లో సుప్రీంకోర్టు తన ముందున్న నాలుగు సెక్షన్లలో మూడు కొట్టేసింది. వేరే కారణంతో ఆపిన మనిషి మీద అనుమానం వస్తే పోలీసులు అతని వలస స్టేటస్ కనుక్కోవాలన్నది ఒక్కటే మిగిలింది.

కోర్టు ఆపినా 2010 నవంబర్ ఎన్నికల్లో పియర్స్‌కు నష్టమేమీ జరగలేదు. రిపబ్లికన్లకు 30లో 21 సీట్లు వచ్చాయి, ఆయన 2011 జనవరిలో సెనేట్ ప్రెసిడెంట్ అయ్యాడు. అక్కడే అతి చేశాడని నా అభిప్రాయం. పుట్టుకతో వచ్చే పౌరసత్వాన్ని సవాలు చేసే బిల్లుతో సహా ఒకేసారి ఐదు బిల్లులు తెచ్చాడు. ఎస్‌బీ 1070కి నిరసనగా అప్పటికే రాష్ట్రంలో జరగాల్సిన సమావేశాలు రద్దయి హోటళ్లు దెబ్బతిన్నాయి. దాదాపు 60 మంది కంపెనీ అధినేతలు ఇక చాలు అని లేఖ రాశారు. మార్చిలో ఆయన ప్రెసిడెంటుగా ఉన్న సెనేటే ఐదింటినీ ఓడించింది.

ఈలోగా ర్యాండీ పరాజ్ అనే ఉద్యమకారుడి బృందం రీకాల్ (పదవీకాలం మధ్యలోనే ఓటేసి దింపే ఎన్నిక) కోసం సంతకాలు మొదలుపెట్టింది. గత ఎన్నికలో పోలైన ఓట్లలో 25 శాతం, అంటే 7,756 కావాలి. పది వేలకు పైగా చెల్లాయి. మా తలుపు కూడా కొట్టారు, సిటిజన్లం కాదంటే నవ్వి పక్కింటికి వెళ్లారు. పక్కింటి పెద్దాయన మోర్మన్ (మీసాలో బలంగా ఉన్న చర్చి), జీవితమంతా రిపబ్లికన్. ఆయన లాన్‌లో పియర్స్ మీద పోటీకి దిగిన జెర్రీ లూయిస్ బోర్డు చూసి ఆశ్చర్యపోయి అడిగాను. "చట్టాలతో నాకు పేచీ లేదు, ఆ మాట తీరుతోనే" అన్నాడు. లూయిస్ కూడా రిపబ్లికనే, మోర్మనే. ఊళ్లో చాలామందికి అది నచ్చింది. ఫియస్టా బౌల్ అనే కాలేజీ ఫుట్‌బాల్ పోటీ నిర్వాహకుల ఖర్చుతో ఆటలకు తిరిగిన సభ్యుల్లో పియర్స్ పేరు ఉండటం కూడా చెడ్డపేరు తెచ్చింది, ఆ సభ్యుల్లో ఎవరి మీదా కేసులైతే పెట్టలేదు. పైగా ఓట్లు చీల్చడానికి స్పానిష్ ఇంటిపేరున్న ఒకావిడను పోటీకి దింపింది పియర్స్ మద్దతుదారులేనని కోర్టులో తేలింది. ఆవిడ తప్పుకుంది గానీ బ్యాలెట్ మీద పేరు అప్పటికే అచ్చయిపోయింది.

నవంబర్ 8న లూయిస్ చేతిలో ఓడిపోయాడు. అమెరికాలో పదవిలో ఉండగా రీకాల్ అయిన మొదటి సెనేట్ ప్రెసిడెంట్ ఆయనే. రీకాల్‌లో ప్రైమరీ (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ముందస్తు ఎన్నిక) ఉండదు, అన్ని పార్టీలవాళ్లూ ఒకే బ్యాలెట్ మీద ఓటేస్తారు, కాబట్టి డెమొక్రాట్లే ఓడించారని ఆయన మనుషులు చెప్పుకున్నారు. అందులో కొంత నిజముంది. కానీ 2012లో కొత్తగా గీసిన నియోజకవర్గంలో రిపబ్లికన్ ప్రైమరీకే దిగి, స్కైమాల్ కంపెనీ పెట్టిన బాబ్ వర్స్లీ చేతిలో మళ్లీ ఓడిపోయాడు. ఈసారి ఆ సాకు చెప్పడానికి లేదు.

తర్వాత రాష్ట్ర పార్టీలో వైస్ ఛైర్మన్ పదవి దొరికింది. మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వ వైద్య బీమా) తీసుకునే మహిళల గురించి రేడియోలో అన్న మాటలకు దుమారం రేగి, 2014లో అదీ వదులుకున్నాడు. 2023 జనవరిలో చనిపోయాడు. ఆయన పేరు చెప్తే అందరూ ఎస్‌బీ 1070నే తలుచుకుంటారు, కానీ అరిజోనాలో ఇప్పుడు ఉద్యోగంలో చేరినా మీ వివరాలు ఈ-వెరిఫైలో కొట్టి చూసేది ఆ 2007 చట్టం వల్లే.