బాపు ట్రైలర్ లాక్కొని లక్నవరం వస్తానంటున్నాడు, ఆపాలా?

ఈసారి ఉత్తరాల్లో ప్రయాణాల గొడవలే ఎక్కువ. అందులో ఒకటి మొత్తం పేజీ అడిగేలా ఉంది, దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మా బాపుకు 68 ఏళ్లు. నర్సంపేట దగ్గర పల్లెలో ఉంటాడు, వ్యవసాయం. అమ్మ పోయినప్పటి నుంచి ఒక్కడే. ఈ డిసెంబరు సెలవులకు అన్న వాళ్లు, చెల్లె వాళ్లు, మేము అందరం పిల్లలను తీసుకొని లక్నవరం చెరువు దగ్గర రెండు రాత్రులు ఉందామని గదులు బుక్ చేసుకున్నాం. బాపు మాత్రం గదిలో పడుకోడట. తెలిసినవాళ్ల దగ్గర ఒక చిన్న కారవాన్ ట్రైలర్ కొన్నాడు, లోపల ఒక మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు ఉంటాయి. దాన్ని బొలెరోకు తగిలించుకొని ఒక్కడే వస్తాడట, ఎవరూ తోడు రావద్దట. అన్న ససేమిరా అంటున్నాడు, "ఏమన్నా అయితే ఊరంతా మననే అంటది" అని. పిల్లలేమో తాత బండి ఎప్పుడొస్తదా అని ఎగురుతున్నారు. బాపు చిన్నప్పటి నుంచి ట్రాక్టర్ నడిపినవాడే. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఆపకండమ్మా. కానీ "సరే పో బాపూ" అని వదిలేయకండి కూడా. మీ అన్నగారి మాటలో రెండు భయాలున్నాయి, ఒకటి ఆయనకేమన్నా అవుతుందని, రెండోది ఊరు ఏమంటుందోనని. రెండోదానికి నా దగ్గర మందు లేదు. మొదటిదాని గురించి మాట్లాడుకుందాం.

68 అనే అంకె చూసి ఎవరూ ఏదీ తేల్చలేరు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. కళ్లలో శుక్లాలు ఉంటే పగలు అన్నీ బాగానే కనిపిస్తాయి, చీకటి పడ్డాక ఎదురు లారీ లైటు పడితే మాత్రం రోడ్డు మొత్తం తెల్లగా అయిపోతుంది, ఆ సంగతి పెద్దవాళ్లు ఇంట్లో చెప్పరు. షుగర్ మాత్ర వేసుకొని టైముకు తినకపోతే చెమటలు పట్టి చెయ్యి వణుకుతుంది, స్టీరింగ్ పట్టుకున్నప్పుడు అది రాకూడదు. మెడ అటూ ఇటూ పూర్తిగా తిరుగుతుందా, మధ్యాహ్నం తిన్నాక కునుకు ఆగుతుందా అన్నవి కూడా చూడండి. ప్రయాణానికి ముందు కంటి డాక్టర్ దగ్గరికి, మామూలుగా చూపించుకునే డాక్టర్ దగ్గరికి ఒకసారి తీసుకెళ్లండి. వాళ్లు వద్దంటే వద్దు, ఇక వాదన లేదు. వాళ్లు సరే అంటే మీ అన్నగారికి కూడా వాదన లేదు.

ఇక ట్రాక్టర్ అనుభవం. ఇది మీరు తేలిగ్గా తీసుకోవద్దు, అలాగని పూర్తిగా నమ్ముకోవద్దు. ట్రాలీని వెనక్కి పెట్టడం వచ్చినవాళ్లకు ట్రైలర్ రివర్స్ కొత్తేమీ కాదు, స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రాలీ వెనక భాగం ఎడమకు పోతుందని వాళ్ల చేతులకే తెలుసు. హైదరాబాదులో పదేళ్లు కారు నడిపినవాళ్లు కూడా ఇక్కడే చెమటలు కక్కుతారు, మీ అన్నగారు ఒకసారి ప్రయత్నించి చూస్తే బాపు మీద గౌరవం పెరుగుతుంది. కానీ ట్రాక్టర్ నడిచేది పాతిక, ముప్పై కిలోమీటర్ల వేగంతో. ఆ వేగంలో ట్రాలీ బుద్ధిగా వెంట వస్తుంది. అదే బొలెరో 80లో పోతుంటే, పక్కనుంచి ఎక్స్‌ప్రెస్ బస్సు గాలి కొట్టుకుంటూ దాటిపోతే, వెనక ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది, ఒక్కసారి మొదలైతే ఊపు పెరుగుతూ పోయి ముందున్న బండిని కూడా లాగేస్తుంది. ట్రాక్టర్ మీద ఇది ఆయన ఎప్పుడూ చూసి ఉండరు.

ఎందుకు ఊగుతుందంటే, చాలాసార్లు బరువు వెనక పడటం వల్ల. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం దాని ముక్కు మీద, అంటే బండి కొక్కెం మీద పడాలి. లోడుతో కలిపి ట్రైలర్ 600 కిలోలు ఉందనుకోండి, కొక్కెం మీద 60 నుంచి 90 కిలోల దాకా ఉండాలి. మొత్తం బరువు తూకం ధర్మకాంట మీద తేలిపోతుంది. ముక్కు బరువుకైతే ఇంట్లో మనం బరువు చూసుకునే మిషన్ చాలు, ట్రైలర్ నేలకు సమంగా ఉండేలా దాని ముక్కును ఒక దిమ్మె మీద పెట్టి, ఆ దిమ్మెను మిషన్ మీద ఉంచి చూడాలి, దిమ్మె బరువు తీసేయాలి. నీళ్ల ట్యాంకు ఎక్కడుందో చూడండి. లీటరు నీళ్లంటే కిలో బరువు, 100 లీటర్ల ట్యాంకు ట్రైలర్ చక్రాలకు వెనక ఉంటే ముక్కు పైకి లేచిపోతుంది. ట్యాంకు ఖాళీగా తెచ్చుకొని చెరువు దగ్గర నింపుకుంటే ఏం పోయింది? బియ్యం బస్తా, పనిముట్ల పెట్టె, కొబ్బరికాయలు (పెద్దవాళ్లు మనవల కోసం ఏం తెస్తారో మనకు తెలుసు కదా) అన్నీ చక్రాల మీదకు, కాస్త ముందుకు, కింద నేల మీద సర్దాలి. దీనికంటే ముందు బొలెరో పుస్తకంలో ఎంత బరువు లాగొచ్చో ఏమన్నా రాశారా చూసి, సర్వీస్ సెంటర్‌లో అడగండి. మెకానిక్ వెల్డింగ్ చేసిన కొక్కేన్ని మాత్రం నేను ఒప్పుకోను.

ఊగడం మొదలైతే ఏం చేయాలో ఆయనకు ముందే చెప్పాలి, ఎందుకంటే ఆ క్షణంలో కాలు తనంతట తానే బ్రేకు మీదకు పోతుంది, అదే తప్పు. ఎక్సలరేటర్ మీద కాలు మెల్లగా తీసేయాలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోవాలి, ఊపుకు ఎదురు తిప్పకూడదు, బండి దానంతట అది నెమ్మదించాక పక్కకు ఆపి లోడు మళ్లీ సర్దుకోవాలి. 50 నుంచి 60 మధ్యలో పోతే ఈ గొడవ చాలావరకు రాదు. వెనక హారన్లు కొడతారు, కొట్టనివ్వండి.

కాగితాల సంగతి చాలామంది మర్చిపోతారు. మన మోటారు వాహనాల చట్టం 1988 లెక్కలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే, దానికి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి. మీ బాపు దాన్ని తెలిసినవాళ్ల దగ్గర కొన్నారు కాబట్టి ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది, అసలు ఉందా అన్నది ముందు తేల్చుకోండి. ఆ కాగితాలు, బొలెరో కాగితాలు రెండూ పట్టుకొని ఆర్‌టీఓ ఆఫీసులో ఒకసారి అడగండి, ట్రైలర్ తగిలించినప్పుడు ఇన్సూరెన్స్ వర్తిస్తుందా అని బీమా వాళ్లను రాసి ఇమ్మనండి. ఫోన్లో "అయితది సార్" అంటే నమ్మొద్దు.

దారి మంచిదే. నర్సంపేట నుంచి మల్లంపల్లికి వచ్చి 163 నంబరు జాతీయ రహదారి ఎక్కితే ములుగు, జంగాలపల్లి దాటాక చల్వాయి దగ్గర లక్నవరం వైపు మళ్లడమే. పొద్దున్నే బయలుదేరి ఎండ ఉండగానే చేరాలి, రాత్రి ప్రయాణం అసలు వద్దు. పత్తి లోడు ట్రాక్టర్లు వెనక లైటు లేకుండా పోతుంటాయి, వరి కోతల సమయంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. ఆరబోసేవాళ్లలో మీ బాపు కూడా ఉండి ఉంటారు, తిట్టుకోకుండా నడుపుతారు. ఇంకో మాట, మేడారం జాతర రెండేళ్లకోసారి, 2024లో ఫిబ్రవరిలో, 2026లో జనవరి చివర జరిగింది. జాతర సంవత్సరమైతే దానికి కొన్ని వారాల ముందు నుంచే ఆ రోడ్డు మీద జనం మొదలవుతారు, ట్రైలర్‌తో అటు పోవద్దు.

ఒక్కడే ఎందుకు వస్తానంటున్నారో ఎవరైనా ఆయన్ను అడిగారా? నా ఊహ చెబుతాను. కుటుంబమంతా కలిసిపోతే పెద్దవాళ్లు సామాను దగ్గర కూర్చుంటారు, వాళ్లకు నచ్చిన చోట బండి ఆగదు. ఒంటరిగా వస్తే జంగాలపల్లి దగ్గర మళ్లి పాలంపేట పోయి రామప్ప గుడి చూడొచ్చు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. పిల్లలతో పోతే ఫొటోలు దిగి వచ్చేస్తాం, చూరు కింద ఆ నల్లరాతి స్త్రీమూర్తులను, మదనికలను, ఒక్కొక్కదాన్ని తల పైకెత్తి చూడాలంటే వెనక నుంచి "పోదాం పా" అనేవాళ్లు ఉండకూడదు. అందుకని మీ అన్నగారు దొంగచాటుగా వెనక కారులో ఫాలో అవుదామని అనుకుంటున్నట్టయితే (అనుకునే ఉంటారు) వద్దని చెప్పండి. ములుగులో ఆగి టీ తాగి ఫోన్ చేయాలి, చల్వాయి దగ్గర మళ్లేటప్పుడు ఇంకోసారి చేయాలి, ఈ రెండూ ఆయన ఒప్పుకుంటే చాలు. మీరు మధ్యలో చేయకండి, నడుపుతూ ఎత్తుతారు.

చేరాక పడుకునే చోటు. లక్నవరంలో చెరువు లోపలి దీవుల దాకా బండి పోదు, ఒడ్డునే ఉంటుంది. మీ గదులు దీవి మీద ఉంటే ఆయన ట్రైలర్ ఇవతల, మీరు అవతల. చుట్టూ అడవి. ఒడ్డున రాత్రి ట్రైలర్‌లో పడుకోనిస్తారా అన్నది గదులు బుక్ చేసిన చోటే ముందు ఫోన్ చేసి కనుక్కోండి, గేటు దగ్గర బతిమాలుకోవడం బాగోదు. ఒప్పుకోకపోతే రాత్రికి గది, పగటి కునుకుకు ట్రైలర్, దీనికి ఆయన కాస్త గొణిగి ఒప్పుకుంటారు. అక్కడివాళ్లు ఒప్పుకుంటే మాత్రం ఒక మనవడిని తోడు పడుకోబెట్టండి, వాడికీ అదే కావాలి. కొక్కెం విప్పే ముందు ట్రైలర్ చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టడం మర్చిపోవద్దు, ఒడ్డు వాలుగా ఉంటే విప్పగానే అది నీళ్ల వైపే చూస్తుంది.

ప్రశ్న: నాకు 63. భర్త కారు ఉంది, ఆయన నడపడం మానేశారు. మనవలతో పాకాల చెరువుకు నేనే నడుపుకుంటూ పోదామంటే లైసెన్సు గడువు ముగిసి ఏడాదిన్నర అయిందని ఇప్పుడు చూశాను. మనవడేమో "నీకెందుకు అమ్మమ్మా, క్యాబ్ పెట్టుకుందాం" అంటున్నాడు. రెన్యువల్ అవుతుందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అవుతుంది, కానీ గడువు ముగిసి ఏడాది దాటింది కాబట్టి మళ్లీ డ్రైవింగ్ టెస్ట్ ఇవ్వాలి. ఏడాది లోపే వెళ్లుంటే టెస్ట్ లేకుండా అయిపోయేది. డాక్టర్ సంతకంతో ఫారం 1-ఏ కూడా కావాలి. 55 దాటినవాళ్లకు రెన్యువల్ చేస్తే ఐదేళ్లకు ఇస్తారు. అది చేతికొచ్చేదాకా స్టీరింగ్ ముట్టుకోకండి, ఏమన్నా జరిగితే బీమా దగ్గర పేచీ వస్తుంది. మనవడిని టెస్ట్ రోజున తోడు తీసుకెళ్లండి, అమ్మమ్మ పాసవడం చూస్తాడు.

ప్రశ్న: మా పిల్లల తాత ట్రైలర్‌లో మంచం ఉంది, వాళ్లు దాంట్లో పడుకొని వస్తే ఏమవుతుంది? దారి అంతా ఆడుకుంటారు.
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: వద్దే వద్దు. కదిలే ట్రైలర్‌లో మనిషి ఉండకూడదు, చిన్నపిల్లలైనా, పెద్దవాళ్లైనా. లోపల సీటు బెల్టు ఉండదు, పిల్ల ఏడ్చినా ముందు నడిపేవాళ్లకు వినపడదు, కొక్కెం ఊడితే పట్టుకునేది బండికీ ట్రైలర్‌కూ మధ్య తగిలించే రెండు గొలుసులే. జాతరలకు ట్రాలీలో ఇంటిల్లిపాదీ ఎక్కి పోవడం మనకు అలవాటే, ఆ ట్రాలీలు బోల్తాపడ్డ వార్తలు కూడా మనకు అలవాటే. గొలుసులు ముక్కు కింద ఒకదానికొకటి అడ్డంగా, ఇంటూ గుర్తులా తగిలించమని తాతకు చెప్పండి, కొక్కెం ఊడినా ముక్కు నేలకు గుచ్చుకోకుండా వాటి మీద ఆగుతుంది.

ప్రశ్న: మా నానమ్మకు చలి అస్సలు పడదు. డిసెంబరులో ట్రైలర్‌లో పడుకున్నప్పుడు బొగ్గుల కుంపటి పెట్టుకుంటానంటోంది. పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: పెట్టకూడదు. మూసిన చిన్న డబ్బాలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, పొగలా కళ్లు మండవు, నిద్రలోనే మనిషి పోతారు. ఇంట్లో ఎప్పటి నుంచో పెట్టుకుంటున్నాం అంటుంది నానమ్మ. పెంకుటింట్లో గాలి ఆడుతుంది, ట్రైలర్‌లో ఆడదు. గ్యాస్ పొయ్యిని కూడా వెచ్చదనం కోసం వెలిగించొద్దు. వంట చేస్తే కిటికీ తెరిచి చేయాలి, పడుకునే ముందు సిలిండర్ రెగ్యులేటర్ కట్టేయాలి, బండి కదిలే ముందు కూడా కట్టేసి ఉందో లేదో ఇంకోసారి చూడాలి. మందపాటి గొంగళి, ఉన్ని టోపీ, మేజోళ్లు కొనివ్వండి. వేడినీళ్ల రబ్బరు సంచి మందుల షాపులో దొరుకుతుంది, బట్టలో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకుంటే చాలాసేపు వెచ్చగా ఉంటుంది.