లెక్కలు పక్కనపెట్టి ఒక్క పిల్ల కథ చెప్పండి

బాల్యవివాహాల మీద శాతాలన్నీ వేసి కరపత్రం పంచితే ఊళ్లో ఎవరూ చదవలేదన్నారు కదండీ. లోపం మీ శ్రమలో లేదు. 2007లో స్మాల్, లోవెన్‌స్టైన్, స్లోవిక్ ప్రచురించిన పరిశోధనలో, ఒక్క పాప కథ చదివినవాళ్లు ఎక్కువ విరాళమిచ్చారు. అదే కథకు గణాంకాలు జోడిస్తే ఇవ్వడం తగ్గింది.

మన దగ్గరే చూడండి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో సారా మీద పాఠం చదివి, మాట్లాడుకున్న ఆడవాళ్లే ఉద్యమానికి దిగారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

మీరూ ఒక్క అమ్మాయితో మొదలుపెట్టండి. పుస్తకాల సంచి మేకుకు తగిలించి, పెళ్లిచీర మడత విప్పుతున్న తొమ్మిదో తరగతి పిల్ల. పేరు, ఊరు మార్చండి, ఫొటో అసలొద్దు. ఆ పెళ్లి ఎవరు ఆపారో మాత్రం తప్పక చెప్పండి, పక్కింటి అత్తో, టీచరో. కింద పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 పెద్దగా వేయండి.