ఎర్ర బండా, నీలం బండా?

"అన్నా, సెకండ్ హ్యాండ్ కారవాన్, అదే కారు వెనక తగిలించుకునే చక్రాల ఇల్లు, కొన్నాం. గ్యాస్ బండ ఏది తీసుకోమంటావ్?" ఈ వేసవిలో నన్ను ముగ్గురు అడిగారు. బ్రిటన్‌లో తిరిగేవాళ్లకి నా జవాబు ఒకటే. ఎర్రది, 6 కిలోలది.

ఇక్కడ గ్యాస్ అమ్మే కేలర్ కంపెనీ బండల్లో నీలం రంగుది బ్యూటేన్, ఎర్రది ప్రొపేన్. మన ఇళ్లల్లో వాడే 14.2 కిలోల బండలో రెండూ కలిసే వస్తాయి కాబట్టి ఈ తేడా మనకు తట్టదు. నాకూ తట్టలేదు. మొదటి ఏడాది నీలం బండ పెట్టుకుని అక్టోబర్ చివర్లో స్కాట్లాండ్ వెళ్లాం. తెల్లారి టీ పెడదామంటే పొయ్యి మీద మంట శనగగింజంత! అయిపోయిందేమోనని బండ ఊపి చూస్తే లోపల గ్యాస్ గలగలమంటోంది. బయట గడ్డంతా తెల్లగా మంచు. సున్నా డిగ్రీల దగ్గరికొస్తే బ్యూటేన్ ఆవిరి కాదు, ద్రవంగానే కూర్చుంటుంది. ప్రొపేన్‌కి ఆ బాధ మైనస్ 42 దాకా లేదు. బండకి దుప్పటి కప్పుదామంది మా ఆవిడ. చివరికి కారవాన్లు ఆపుకునే సైట్‌లో ఇచ్చే కరెంటు మీద కెటిల్ పెట్టుకుని, టీ బ్యాగులు ముంచుకుని తాగాం.

13 కిలోలది చూసి ఆశపడకండి. ఇనుముతో కలిపి 6 కిలోల బండే దాదాపు 15 కిలోలు తూగుతుంది. అది కారవాన్ ముందుభాగంలో బండ పెట్టే పెట్టెలో ఉంటే, ఆ బరువు చాలావరకు కారు హుక్ మీదే పడుతుంది. సైట్‌లో కరెంటు తీసుకుంటే హీటర్, ఫ్రిజ్ దాని మీదే నడుస్తాయి. గ్యాస్ వంటకే.

కొత్త కారవాన్లలో రెగ్యులేటర్ ఆ పెట్టె గోడకే బిగించి ఉంటుంది, 30 మిల్లీబార్ల ఒత్తిడిది. రెండు గ్యాసులకీ పనికొస్తుంది, బండకీ దానికీ మధ్య గొట్టం ఒక్కటే మార్చాలి. పాత కారవాన్లలో బండ మీద పెట్టే రెగ్యులేటర్ బ్యూటేన్‌కి 28 మిల్లీబార్లది, ప్రొపేన్‌కి 37ది. ఒకదానిది ఇంకోదానికి పెట్టకండి. ప్రొపేన్‌ది ఎడమ మర, పానా ఎడమకు తిప్పితేనే బిగుసుకుంటుంది. చీకట్లో నేను కుడికి తిప్పీ తిప్పీ విసిగిపోయాను. బిగించాక సబ్బు నురగ రాసి చూడండి, ఇంట్లో అమ్మ చేసినట్టే.

బండ పెట్టె అడుగున బెజ్జాలుంటాయి. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందికే దిగుతుంది, అక్కణ్ణుంచి బయటికి పోవాలి. ఒక మిత్రుడు సరిగ్గా వాటి మీదే సోనా మసూరి బస్తా పెట్టుకున్నాడు. నేను చూడగానే తీయించాను.

బండ మన సొంతం కాదు. డబ్బు కట్టినప్పుడిచ్చే కాగితం దాచుకోండి, వాపసు ఇచ్చేటప్పుడు అడుగుతారు. ఫ్రాన్స్ వెళ్లేవాళ్లు నిండు బండతోనే బయల్దేరండి, అక్కడ కేలర్ బండ మార్చి ఇవ్వరు. క్యాంపింగాజ్ అనే వేరే కంపెనీ చిన్న బండ, 907 రకం, దొరుకుతుంది గానీ అందులో ఉండేది 2.75 కిలోలే, అదీ బ్యూటేనే. వేసవి ప్రయాణానికైతే పనికొస్తుంది. రోజూ కుక్కర్ పెట్టే ఇల్లైతే రెండు కొనుక్కోండి.